అద్దాలక్క భుజంలోకి ఏం పంపారు?

అద్దాలక్క ఎడమ భుజంలోకి ఒక మందుల కంపెనీ రెండుసార్లు ఏదో పంపింది. అది టీకానా, ఉప్పునీళ్ళా అన్నది ఆమెకు ఈ రోజు వరకూ చెప్పలేదు. పరీక్ష ముగియగానే చెబుతామని, సంతకం పెట్టించుకున్న రోజునే మాట ఇచ్చారు. పరీక్ష ముగిసింది. ఆమె అడిగింది. చెప్పబోమన్నారు. జరిగిన అన్యాయం ఇంతే. దీనికి విశేషణాలు అక్కర్లేదు. ఎవరికి జరిగిందో, దాని వెనుక ఏం పోయిందో మాత్రం చెప్పాలి.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కళ్ళు పరీక్షించేది వేరే ఆయన. అద్దాలు అరగదీసేది వెనక గదిలోని యంత్రం. ఆ రెండూ అయ్యాక, జోడు మనిషి ముఖానికి కుదిరేలా చేసే పని ఆమెది. కిటికీ పక్కన ఎత్తు స్టూలు, ముందు చిన్న బల్ల, దాని మీద వేడి గాజుపూసల తట్ట, బుల్లి స్క్రూడ్రైవర్లు, ముక్కు దగ్గర అమర్చే మెత్తలు. "జారిపోతోందండీ" అని ఒకరు వస్తారు, "చెవి వెనక కోస్తోంది" అని ఇంకొకరు, "బాగానే ఉంది గానీ ఎందుకో తలనొప్పి" అని మరొకరు. ఆమె ఎవరి మాటా చివరిదాకా వినదు. "తీయండి" అంటుంది. జోడు తీశాక ముక్కు మీద, చెవుల వెనక, చర్మం ఎక్కడ కందిందో చూస్తుంది. కాడను వేడి పూసల్లో గుచ్చి, మెత్తబడగానే తీసి, వేళ్ళతో ఒక్క వంపు వంచుతుంది. మళ్ళీ పెట్టి, మళ్ళీ చూస్తుంది. "మనిషి మొహమాటానికి బాగుందంటాడు. చర్మానికి మొహమాటం లేదు" అన్నది ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె కూడబెట్టుకున్న సిద్ధాంతం. అన్నం పెట్టిన ఆ సిద్ధాంతమే చివరకు ఆమెను ముంచింది.

"నువ్విలా పాతవాటికి ప్రాణం పోస్తూ కూర్చుంటే, కొత్త ఫ్రేములన్నీ నా నెత్తిన పెట్టుకోవాలా అమ్మాయ్?" అని యజమాని అప్పుడప్పుడూ గొణుగుతాడు.

"నెత్తిన ఎందుకు సార్, ముక్కున పెట్టుకోండి. మీదీ జారుతోంది" అంటుంది ఆమె తల ఎత్తకుండానే.

ఇంట్లో ఆమె, తమ్ముడు, ఇద్దరే. సైకిళ్ళు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు. తమ్ముడు ఒక టాక్సీ కంపెనీకి ఇంట్లో కూర్చునే ఫోన్లు తీస్తాడు. గొంతు కంచులా ఉంటుంది. మనిషి మాత్రం గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. చిన్నప్పుడే అతని రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. తండ్రి తనవాటిలో ఒకటి ఇచ్చాడు. ఇచ్చిన కొన్నేళ్ళకు ఆ తండ్రి గుండెపోటుతో పోయాడు. ఇచ్చింది మాత్రం కొడుకు కడుపులో నిక్షేపంలా పనిచేస్తూ వచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని తమ్ముడు ఆడని నాటకం లేదు.

"గ్లాసు ఎక్కడ తాగితే అక్కడే పెడతావా? ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

"మెల్లిగా అక్కా. లోపల నాన్న వింటున్నాడు."

"నాన్నైతే గ్లాసు కడిగేవాడు."

"అందుకే సగమే వచ్చాడు, కడిగే సగం నీకొచ్చింది."

అతను వేసుకునే మందుల వల్ల చేతులు వణుకుతాయి. గడ్డం సొంతంగా గీసుకోలేడు. రోజు విడిచి రోజు పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ వేసి ఆమే గీసేది. ముఖాలతో పని ఆమెకు అలవాటే. ఆ కాసేపట్లోనే వాళ్ళిద్దరి లోకం నడిచేది: ఏ ప్రయాణికుడు ఫోనులో ఏం తిట్టాడు, ఏ పెద్దావిడ నెత్తి మీద జోడు పెట్టుకుని దుకాణమంతా వెతికింది, అద్దెకిచ్చినాయన ఈసారి ఏ సాకు చెప్పి నల్లా బాగుచేయించలేదు. తమ్ముడు నవ్వితే ఆమె కత్తి పైకెత్తి, "నవ్వావంటే చెవి పోతుంది, తర్వాత జోడు దేనికి తగిలిస్తావు?" అనేది.

ఆ ఏడాది ఊపిరితిత్తుల్ని పట్టే కొత్త జ్వరం వచ్చింది. మూత్రపిండాల డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ తమ్ముడి ఒంట్లో కాపలావాళ్ళని మేమే మందులు పెట్టి నిద్రపుచ్చాం. మేలుకుంటే మీ నాన్నగారి కిడ్నీని పరాయిదనుకుని తరిమేస్తారు. రేపు ఈ జ్వరానికి టీకా వచ్చినా, నిద్రపోయేవాళ్ళకి పాఠం చెప్పినట్టే. వంటబట్టేది తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవాలి. ఆయనకి మీరే గోడ."

ఆమె ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. దుకాణంలో ఆమె ముఖానికీ ఎదుటివాళ్ళ ముఖానికీ మధ్య దూరం జానెడు. వాళ్ళ ఊపిరి ఆమె అద్దాల మీద ఆవిరై కనిపిస్తుంది. అలాంటి ఉద్యోగం చేసి వచ్చి తమ్ముడి గొంతు మీద వంగడం ఎలా? రెండు గదుల మధ్య మందపాటి తెర కట్టింది. తను ఇవతల తిని ఇవతలే పడుకుంది. గడ్డం గీయడం ఆగిపోయింది. తమ్ముడి ముఖం నిండా గుబురుగా పెరిగింది.

"అక్కా, రేపెప్పుడైనా జనం వచ్చి నా కాళ్ళకి దండాలు పెడితే పాపం నీదే" అన్నాడు తెర వెనక నుంచి.

"ముందు అద్దె బాకీ తీర్చమను, ఆ తర్వాత దీవిద్దువు గానీ."

అప్పటికి ఆ జ్వరానికి టీకా బజారులో లేదు. ఆసుపత్రి వెనక, ఒకప్పుడు ఎక్స్‌రేలు తీసిన పాత భవనానికి రంగులేసి, అక్కడ ఒక టీకాను మనుషుల మీద పరీక్షిస్తున్నారని తెలిసింది. డీఎన్‌ఏతో చేసినది, సూది లేకుండా ఇచ్చేది, మంచుపెట్టెలు లేకపోయినా పాడవనిది. ఆమె దుకాణానికి సెలవు పెట్టి వెళ్ళింది.

అక్కడి సిస్టరు ఓపికగల మనిషి. అద్దాలక్క ప్రశ్నలకు ఓపిక అవసరం కూడా.

"సూది లేదు సరే, మరి మందెలా వెళ్తుంది సిస్టర్?"

"ఈ పెన్నులో స్ప్రింగుంది. అది తోస్తే వెంట్రుక కన్నా సన్నటి ధారగా చర్మంలోకి దూసుకుపోతుంది. తోటకి నీళ్ళు కొట్టేటప్పుడు గొట్టం చివర వేలు అడ్డం పెడితే చిమ్మదూ? అలా."

"అందులో ఏముంటుంది?"

"మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పింది. సిస్టరు ముఖం వెలిగింది. "అయితే మీకు తేలిగ్గా చెప్పొచ్చు. డాక్టరు దగ్గర్నుంచి మీకో చీటీ వస్తుంది కదా, ఇంత పవరు అని. చీటీ అద్దం కాదు. చీటీ చూసి మీ వెనక గది అద్దం చేస్తుంది. ఇదీ అంతే. మేము క్రిమిని పంపడం లేదు. క్రిమి చొక్కాకి ఒక గుండీ ఉంటుంది, ఆ గుండీ ఎలా చెయ్యాలో రాసిన చీటీ పంపుతాం. మీ కణాలు గుండీ చేస్తాయి. మీ కాపలావాళ్ళు దాన్ని చూసి గుర్తుపెట్టుకుంటారు. రేపు అసలు దొంగ ఆ చొక్కాతో వస్తే పట్టేస్తారు."

"చీటీ వెనక గది దాకా చేరకపోతే?"

"తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి! మామూలు సూదితో ఇస్తే చీటీలన్నీ మీ కౌంటరు మీదే పడి ఉంటాయి. కణం లోపలికి, దాని నడిగదిలోకి పోయేవి తక్కువ. అందుకే ఈ పెన్ను. కొంతమంది చిన్న కరెంటు తగిలించి తలుపులు తెరుస్తున్నారు. ఇంకొంతమంది కరిగిపోయే ముళ్ళతో పట్టీ చేసి అతికిస్తామంటున్నారు. ఎవరి తంటాలు వాళ్ళవి."

"ఆ చీటీ నాలోనే ఉండిపోతుందా?"

"కొన్నాళ్ళకి చిరిగిపోతుంది. మీ సొంత చీటీల్లో కలవకూడదు. కలవడం లేదనే ఇప్పటిదాకా చూసినవి చెప్తున్నాయి. ఇంకా చూడాలి. చూడ్డానికే కదా మిమ్మల్ని పిలిచింది."

ఆ చివరి మాట అద్దాలక్కకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే మనిషిని నమ్మవచ్చని ఆమె లెక్క.

తర్వాత సంతకాల గదిలో ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పరీక్ష వ్యవహారాలన్నీ చూసే సమన్వయకర్త అతను. ఏది అడిగినా "తప్పకుండా" అనేవాడు గనుక ఆమె మనసులో అతనికి ఆ పేరే పెట్టేసుకుంది. వచ్చినవాళ్ళలో సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది అందిందో అతనికీ, సిస్టరుకూ, ఎవరికీ తెలియదు. ఆ జాబితా తాళంలో ఉంటుంది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. టీకా పనిచేస్తుందో లేదో నిజాయితీగా తేల్చాలంటే అలాగే చేయాలి. ఆమె కూడా తప్పు పట్టలేదు. ఒక్కటే అడిగింది.

"పరీక్ష అయిపోయాక నాకేది ఇచ్చారో చెప్తారా?"

"తప్పకుండా. కాగితంలోనే రాశాం చూడండి. ఉప్పునీళ్ళు పడినవాళ్ళకి అప్పుడు అసలు టీకా వేస్తాం."

"అప్పటిదాకా వేరే టీకా ఏదైనా వస్తే వేయించుకోవచ్చా?"

"వద్దండీ. లెక్క చెడిపోతుంది. అప్పటిదాకా మా బాధ్యత."

"ఇంట్లో మనిషి ప్రాణం దీని మీదుంది బాబూ."

"తప్పకుండా."

ఆ గదిలో జరిగినది ఒక ఒప్పందం. ఆమె తన శరీరాన్నీ, వేరే రక్షణ పొందే హక్కునూ వాళ్ళ చేతిలో పెట్టింది. బదులుగా వాళ్ళు ఒక నిజాన్నీ, అవసరమైతే ఒక టీకానూ ఇస్తామన్నారు. తన వంతు ఆమె అక్కడికక్కడే, ఆ మధ్యాహ్నమే చెల్లించింది.

పెన్ను భుజానికి ఆనించి నొక్కితే రబ్బరు బ్యాండు తెగినట్టు టప్పుమంది. నొప్పి పెద్దగా లేదు; శబ్దానికే అందరూ ఉలిక్కిపడేవారు. బయట బల్లల మీద కాసేపు కూర్చోవాలి. అక్కడ ఆమె పక్కన బడిపిల్లల వ్యాను నడిపే డ్రైవరు కూర్చున్నాడు. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. చొక్కా చెయ్యి పైకి లాగి పదేపదే చూసుకుంటున్నాడు.

"చెల్లెమ్మా, నీకు దురద పెడుతోందా?"

"కొంచెం పెడుతోందన్నా."

"ఎర్రగా ఉబ్బిందా?"

ఆమె చూపించింది. గుండ్రంగా, పప్పుగింజంత, చుట్టూ కంది ఉంది.

"కొట్టేశావ్ పో! అసలు సరుకే. నాకూ అంతే. అదిగో ఆ మూలనున్నాయన్ని చూడు, ఏమీ లేదు, ముఖం వేలాడేసుకున్నాడు. ఉప్పునీళ్ళకి ఎవడైనా గోక్కుంటాడా? సముద్రంలో చేపలన్నీ గోక్కుంటున్నాయా?"

సిస్టరు అటువైపు పోతూ విన్నది. "అన్నా, స్ప్రింగు ఏది తోసినా అలాగే కొడుతుంది. కొందరి చర్మం ఉబ్బుతుంది, కొందరిది ఉబ్బదు. దురదని బట్టి ఏమీ చెప్పలేం."

"అవునవును, మీరు అలాగే చెప్పాలి" అని డ్రైవరు కన్ను గీటాడు.

నిజానికి సిస్టరు చెప్పినదే సరైనది. అద్దాలక్క కూడా తల ఊపింది. కానీ ఇంటికి పోతూ బస్సులో చొక్కా చెయ్యి ఎత్తి ఆ ఎర్రటి గుర్తును ఎన్నిసార్లు చూసుకుందో ఆమెకే తెలుసు. చర్మానికి మొహమాటం లేదు కదా! రెండోసారి పెన్ను నొక్కినప్పుడు మరింత ఉబ్బింది, మరింత దురద పెట్టింది. తెర ఇవతల నుంచి తమ్ముడికి ఆ సంగతి చెప్పింది.

"అంటే గోడ కట్టేశారన్నమాట."

"అనుకుంటున్నా."

"అనుకోవడం కాదక్కా, గోకు, ఇంకా గోకు. ఇటుకలు గట్టిపడతాయి."

అయినా తెర తీయలేదు. చెబుతామన్నారు కదా, చెప్పాకే తీద్దామనుకుంది.

ఆ తర్వాత ఆ కంపెనీని మరో పెద్ద కంపెనీ కొనేసింది. కొన్నవాళ్ళకు స్ప్రింగు పెన్ను మీద మోజు లేదు. ముళ్ళ పట్టీ మీద ఉంది. పెన్ను పరీక్షను మధ్యలో ఆపి ముగించేశారు. పాల్గొన్నవాళ్ళందరికీ ఫోనులో ఒక సందేశం వచ్చింది: మీ సేవకు ధన్యవాదాలు, విజ్ఞానం మీకు రుణపడి ఉంటుంది. ఏది ఇచ్చారన్న మాట అందులో లేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఇక్కడ ఆ తెప్పకు ఒక చేయి ఉంది, ఆ చేతికి ఒక తమ్ముడున్నాడు.

సరిగ్గా అప్పుడే మామూలు సూది టీకా బస్తీ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. అద్దాలక్క వరసలో నిలబడింది. కౌంటరు దగ్గరి ఉద్యోగిని కంప్యూటరులో చూసి తల అడ్డంగా ఊపింది.

"మీరు పరీక్షలో ఉన్నారమ్మా. మీకు ఆల్రెడీ పడినట్టే చూపిస్తోంది."

"పడిందో లేదో నాకే తెలీదు. సగం మందికి ఉప్పునీళ్ళే."

"ఏది పడిందో కంపెనీ నుంచి రాయించుకు రండి. అప్పుడు వేస్తాం. దాని మీద ఇది వేస్తే ఏమౌతుందో మాకు చెప్పినవాళ్ళు లేరు."

ఆ ముందురోజే వ్యాను డ్రైవరు అదే కౌంటరు దగ్గర తన చెయ్యి జన్మలో మందు మొహం చూడలేదని ప్రమాణాలు చేశాడు. కంప్యూటరు అతని బండారం బయటపెట్టింది. "చెల్లెమ్మా, అబద్ధానికి కూడా చోటివ్వని లోకం అయిపోయింది" అని దుకాణానికి వచ్చి మొత్తుకున్నాడు. రెంటికీ చెడ్డ రేవడిలా ఉంది వాళ్ళందరి బతుకు: టీకా వేయించుకున్నవాళ్ళలో లెక్క కట్టారు గానీ, వేయించుకున్న ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె రక్తపరీక్ష కూడా చేయించింది. ఆ పరీక్ష మామూలు టీకాను దృష్టిలో పెట్టుకుని చేసినదనీ, దీని విషయంలో ఉందనీ లేదనీ చెప్పలేననీ ల్యాబు డాక్టరు చెప్పాడు. పాత ఎక్స్‌రే భవనానికి వెళితే "తప్పకుండా" కుర్రాడు అట్టపెట్టెలు కట్టించుకుంటూ కనిపించాడు. సిస్టరు అప్పటికే ఉద్యోగం పోయి వెళ్ళిపోయింది.

"జాబితా కొత్త కంపెనీకి వెళ్ళిపోయిందండీ. నా చేతిలో ఏమీ లేదు."

"మీ బాధ్యత అన్నావు కదా బాబూ."

అతను మొదటిసారి "తప్పకుండా" అనలేదు. తల వంచుకుని టేపు చింపాడు.

ఇక్కడి నుంచి కథ చిన్నది. తమ్ముడి గడ్డం కింద, వెంట్రుకల లోపల, ఒక పుండు లేచింది. అతను వేసుకునే మందుల వల్ల అలాంటివి ఒక పట్టాన మానవు. గడ్డం తీసి శుభ్రం చేస్తే తప్ప పూత మందు పనిచేయదని డాక్టరు ఫోనులో చెప్పాడు. మంగలిని పిలవడమా? అతనూ రోజంతా ముఖాల మధ్య బతికే మనిషే. ఆమె రెండు రోజులు తటపటాయించింది. మూడో రోజు పొద్దున తెర పక్కకు లాగి, కిటికీ దగ్గర కుర్చీ వేసింది. ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకుంది. కత్తెరతో పొడుగు వెంట్రుకలు తీసేదాకా బాగానే ఉంది. కత్తి పట్టుకుని గొంతు మీదికి వంగేసరికి, మాస్కులోంచి ఎగదన్నిన ఊపిరికి ఆమె కళ్ళజోడు మసకబారింది. తుడిచింది. మళ్ళీ మసకబారింది. కత్తి కింద తమ్ముడి గొంతు, పుండు పక్కనే. ఏమీ కనబడటం లేదు.

"అక్కా, నాన్న వైపు నుంచి నాదొక విన్నపం. చూసి కొయ్యి."

ఆమెకు నవ్వొచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. భుజం మీది ఎర్రటి గుర్తు తలపుకు వచ్చిందని, "నా చర్మం అబద్ధం చెప్పదు" అని ఆ క్షణంలో అనుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. అది ఆమె తప్పే. దాన్ని ఎవరి మీదికీ నెట్టలేదు. కానీ ఒక్క మాట చెప్పవలసినవాళ్ళు చెప్పి ఉంటే ఆ తప్పుకు చోటే ఉండేది కాదు. "మీది ఉప్పునీళ్ళు" అని ఉంటే ఆ ఉదయానికి ఎంతో ముందే సూది టీకా వేయించుకునేది. "మీది టీకా" అని ఉంటే అదెంతవరకు కాపాడుతుందో డాక్టరును అడిగి నడుచుకునేది. చీకట్లో నిలబెట్టి, తడుముకున్నందుకు మనిషిని తప్పుపట్టే హక్కు దీపం దాచినవాడికి లేదు.

ఆ వారం దాటకుండానే తమ్ముడికి జ్వరం వచ్చింది. ఆమెకు దగ్గు కూడా రాలేదు. అతను బతికాడు. కానీ ఆసుపత్రిలో ఉండగా మూత్రపిండం మెల్లిగా పని తగ్గించి, చివరకు పూర్తిగా ఆగిపోయింది. డాక్టరు వచ్చి చెప్పి వెళ్ళాక తమ్ముడు మంచం పక్కన తడిమి ఫోను అందుకున్నాడు. గాజు తలుపు అవతల నిలబడిన అక్కకు చేశాడు.

"అక్కా."

"చెప్పరా."

"నాన్న వెళ్ళిపోయాడక్కా. ఈసారి నిజంగా."

 

కొన్నాళ్ళకు ఆమె కొత్త కంపెనీ భవనానికి వెళ్ళింది. నాలుగుసార్లు తిప్పి పంపాక న్యాయ విభాగం అధికారి ఒకాయన పది నిమిషాలిచ్చాడు. మర్యాదస్తుడు. మంచినీళ్ళు తెప్పించాడు. అతని జోడు ముక్కు మీంచి జారుతూనే ఉంది, అతను వేలితో తోసుకుంటూనే ఉన్నాడు. ఆమె చెయ్యి పెట్టలేదు.

"అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ పరీక్ష మాది కాదు. మేము కొన్నది ఆ మందు మీద హక్కుల్ని. మనుషుల్ని కొనలేదు."

"జాబితా కొన్నారు కదా సార్."

"అది వ్యాపార రహస్యం. ఒకరికి తెరిస్తే అందరికీ తెరవాలి."

"అందరికీ తెరవండి."

"పోనీ, ఇప్పుడు తెలిసి మీరు చేసేదేముంది? జరిగిందేదో జరిగిపోయింది."

"జరగాల్సింది ఇంకా ఉంది సార్. వాణ్ణి వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేసే గదికి తీసుకెళ్తున్నాను. టీకా ఉన్న తోడునే లోపలికి రానిస్తారు. కంప్యూటరులో నాకు పడినట్టుంటుంది, కాగితం అడిగితే నా దగ్గర లేదు. బయటే ఆపేస్తారు. చేతులు వణికేవాడు, మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేడు, లోపల ఒక్కడే ఉంటాడు. నేను గోడనా, గోడకి కన్నాన్నా? అది చెప్పండి చాలు. ఆ రోజు వాడికి జ్వరం నా నుంచే వచ్చిందా అని నేను మిమ్మల్ని అడగను. అది నేను చూసుకుంటాను."

అతను గడియారం చూసుకున్నాడు. ఆమె లేచి వచ్చేసింది. కింద అంతస్తులో గోడ నిండా కొత్త ప్రకటన: నొప్పి లేని ముళ్ళ పట్టీ, డీఎన్‌ఏ టీకా, పరీక్షకు ఆరోగ్యవంతులు కావాలి. కింద చిన్న అక్షరాల్లో, పరీక్ష ముగియగానే మీకు ఇచ్చినదేదో మీకు తెలియజేస్తాము. ఆమె జోడు సవరించుకుని ఆ వాక్యాన్ని చివరిదాకా చదివింది.

పెన్ను పరీక్ష నడిపినవారికీ, దాన్ని కొన్నవారికీ, ఆ సమ్మతి పత్రాన్ని ఆమోదించి ముద్ర వేసిన నైతిక సంఘం సభ్యులకూ, ఏమీ తెలియని మనుషుల్ని టీకా పడినవారిగా కంప్యూటరులో ఎక్కించుకున్న ఆరోగ్య శాఖకూ ఇది చెబుతున్నాం. మందు మీద హక్కు చేతులు మారినప్పుడు ఆ మందు కోసం ఇచ్చిన మాట కూడా దానితోనే వస్తుంది. లాభం మాది, బాధ్యత పాతవాళ్ళది అనే కొనుగోలును ఏ న్యాయమూ ఒప్పదు. పరీక్ష ముగిశాక ఆ జాబితాను దాచిపెట్టడంలో విజ్ఞానం లేదు; దాచడానికి ఉన్న ఒకే ఒక్క కారణం పరీక్షతోనే తీరిపోయింది. కాబట్టి తెరవండి. భుజం ఇచ్చిన ప్రతి మనిషికీ, సందేశంలో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి ఏం పంపారో చెప్పండి. ఉప్పునీళ్ళు పంపినవాళ్ళకు ఇస్తామన్నది ఇవ్వండి. పెన్ను టీకా ఇక లేదంటే, ఆరోగ్య కేంద్రంలో ఉన్నదే వేయండి, కంప్యూటరులో వేసిన ఆ తప్పుడు గుర్తు ముందు చెరిపేయండి. పెన్ను టీకా పనిచేసిందో లేదో, పనిచేయకపోతే ఎక్కడ తప్పిందో బయటపెట్టండి. అది ఆ భుజాల మీద తెలుసుకున్న సంగతి, మీ సొత్తు కాదు. ఇదంతా చేసేదాకా ఆ ముళ్ళ పట్టీ ప్రకటనను గోడ మీంచి దించండి. పాత మాట నిలబెట్టుకోనివారు అదే మాటను కొత్త మనుషుల ముందు పెట్టి సంతకం అడగకూడదు.

సోమవారం ఉదయం అద్దాలక్క తమ్ముణ్ణి తీసుకుని మళ్ళీ ఆ రక్తం శుభ్రం చేసే గది తలుపు దగ్గరికి వెళుతుంది. ఆమెను అక్కడ ఆపేలోగా చెప్పండి.